ఒకే ఖోలీ, రెండు పెన్షన్లు: కామాటిపురా నుంచి చూస్తే

ముంబై మున్సిపాలిటీలో పనిచేసే తెలుగువాళ్ళ దగ్గర పెన్షన్ మాట ఎత్తితే, పథకం పేరు కంటే ముందు ఒక తేదీ వినిపిస్తుంది: 2008 మే 5. ఆ రోజుకు ముందు ఉద్యోగంలో చేరినవారికి పాత పెన్షన్. ఆ రోజునుంచి చేరినవారికి జీతంలో కోత పడే కొత్త పద్ధతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, అంటే రైల్వే వర్క్‌షాపుల్లో, తపాలా కార్యాలయాల్లో పనిచేసేవారికి, ఆ గీత 2004 జనవరి 1. మహారాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 2005 నవంబరు 1. ఊళ్ళో టీచరుగానో గుమాస్తాగానో ఉన్న బావమరిదికి, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవారికి, 2004 సెప్టెంబరు 1. ఒకే కుటుంబంలో నలుగురు ఉద్యోగులుంటే నాలుగు తేదీలు, నాలుగు రకాల ముసలితనాలు.

ఇరవై ఏళ్ళుగా ఈ కొత్త పద్ధతి మీద వార్తలకు కొదవ లేదు. ఆ వార్తలు ఎవరికోసం రాస్తున్నారు, ఎవరికి చేరుతున్నాయి, చేరినవాళ్ళకు పనికొచ్చే ముక్క అందులో ఎంత అన్నదే ఈ సమీక్షలో నా ప్రశ్న. ఆ ప్రశ్నను దిల్లీలోని ఆర్థిక మంత్రిత్వ శాఖ నుంచి కాక ముంబైలోని కామాటిపురా గల్లీల నుంచీ, కార్మికులుండే వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్ళ నుంచీ అడుగుతున్నాను. అక్కడినుంచి చూస్తే పెద్ద వార్తలు చిన్నవిగా, ఎక్కడో మూలన వేసిన చిన్న వార్తలు పెద్దవిగా కనిపిస్తాయి.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో హార్న్‌బీ కట్ట సముద్రాన్ని ఆపాక బయటపడిన పల్లపు నేలలో నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. రాళ్ళు కొట్టారు, మట్టి మోశారు, గోడలు కట్టారు. వాళ్ళను కామాటీలన్నారు, వాడకు ఆ పేరే నిలిచింది. తరువాతి తరాలు మిల్లుల్లోకి, రేవులోకి, రైల్వేలోకి, మున్సిపాలిటీలోకి వెళ్ళాయి. వీటిలో మున్సిపాలిటీ ఉద్యోగానికి మిగతావాటికి లేని ఒక గుణముంది. అది ఇంట్లో నిలుస్తుంది. సఫాయీ పనిలో ఉన్న మనిషి చనిపోయినా, ఒంట్లో బాగాలేక తప్పుకున్నా, రిటైరైనా ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇచ్చే ఆనవాయితీ చాలా కాలంగా ఉంది. కార్మికుల హాజరు వేసే చౌకీల్లో దాన్ని పీటీ కేసు అంటారు. రాష్ట్ర స్థాయిలో 1970లలో లాడ్ కమిటీ, ఆ తరువాత పాగే కమిటీ చేసిన సిఫార్సులు ఈ వారసా హక్కుకు ఆధారం. ఈ హక్కు మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరే ఉంది. తరతరాలుగా ఒకే కులాల వాళ్ళ చేతికి చీపురు అందించే ఏర్పాటును హక్కు అని ఎందుకనాలని అడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో బలముంది. కాని పది అడుగుల ఖోలీలో బతికే కుటుంబానికి నెల నెలా వచ్చే పగార్ ఉంటే ఒక బతుకు, లేకపోతే ఇంకో బతుకు.

పెన్షన్ కథ ఈ వారసా దగ్గరే మెలిక తిరుగుతుంది. తండ్రి 1980లలో చేరాడు, పాత పెన్షన్. కొడుకు అదే చౌకీలో, అదే ముకాదం (మేస్త్రీ) దగ్గర, అదే బీట్ మీద, తండ్రి స్థానంలోనే 2012లో చేరాడు. పని మారలేదు, కాని కాగితం మీద అది కొత్త నియామకం. తండ్రి సర్వీసు కొడుకు ఖాతాలోకి రాదు. ఒకే గోడకు తగిలించిన రెండు యూనిఫారాల్లో ఒకటి పెన్షన్ తెచ్చేది, ఇంకొకటి స్టేట్‌మెంటు తెచ్చేది. ఉద్యోగాన్ని వారసత్వంగా ఇచ్చిన వ్యవస్థ, ఆ ఉద్యోగానికి సగం అర్థమైన పెన్షన్‌ను మాత్రం వారసత్వంగా ఇవ్వలేదు. ఈ చాళ్ళలో జునీ పెన్షన్, అంటే పాత పెన్షన్, కోపం అంత గట్టిగా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. మిగతా ఉద్యోగులకు పాత పెన్షన్ విన్న సంగతి, వీళ్ళకు కళ్ళెదుట మంచం మీద కూర్చున్న సంగతి.

తేడా ఎంతో ఒకసారి లెక్క కడదాం. పాత పద్ధతిలో ఉద్యోగి పెన్షన్ కోసం పైసా కట్టడు. చివరి మూల జీతంలో సగం పెన్షన్, దాని మీద కరువు భత్యం. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ధరలతో పాటు అదీ పెరుగుతుంది. మూల జీతం 40,000 దగ్గర రిటైరైతే 20,000, దానికి తోడు భత్యం. పోయాక భార్యకు ఫ్యామిలీ పెన్షన్. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ దయతో ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసిందని తేల్చింది. ఆ తేదీని పెన్షనర్లు ఇప్పటికీ తమ దినంగా జరుపుకుంటారు. అదే ఏడాది జనవరిలో మొదలైన మిల్లు సమ్మె అప్పటికింకా సాగుతూనే ఉంది. ఒక తీర్పు ప్రభుత్వోద్యోగి ముసలితనానికి భరోసా ఇచ్చిన ఏడాదే మిల్లుల వాడ గిరణ్‌గావ్‌లో రెండున్నర లక్షల మంది బతుకుదెరువు పోవడం మొదలైంది. ఈ రెండు సంగతులనూ ఒకే పేజీలో చదివే అలవాటు మన పెన్షన్ వ్యాసాలకు లేదు. చాళ్ళలో ఆ రెండు రకాల వాళ్ళూ పక్క పక్క గదుల్లోనే ఉంటారు.

కొత్త పద్ధతిలో, అంటే ఎన్‌పీఎస్‌లో, ఉద్యోగి మూల జీతం, కరువు భత్యం కలిపి పదిశాతం కడతాడు. కేంద్రం తన వాటాను 2019 ఏప్రిల్ నుంచి పదినుంచి పద్నాలుగు శాతానికి పెంచింది. ఆ డబ్బును ఫండ్ మేనేజర్లు ఎక్కువభాగం ప్రభుత్వ బాండ్లలో, కొంత షేర్లలో పెడతారు. ఉద్యోగి ఏమీ ఎంచుకోకపోతే ఎస్‌బీఐ, యూటీఐ, ఎల్‌ఐసీ సంస్థలు మూడూ పంచుకుని చూస్తాయి. రిటైరైన రోజున జమ అయినదాంట్లో అరవై శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. కనీసం నలభై శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి, నెల నెలా వచ్చేది దాని నుంచే. ఉదాహరణకు ఖాతాలో 30 లక్షలున్నాయనుకుందాం. 12 లక్షలతో యాన్యుటీ కొని, అది ఏడాదికి ఆరుశాతం ఇస్తే నెలకు 6,000. మిగిలిన 18 లక్షలను ముట్టుకోకుండా అదే వడ్డీకి పెడితే ఇంకో 9,000. మొత్తం 15,000. అంకె చూడటానికి మరీ తీసికట్టు కాదు. కాని ఇందులో రెండు మెలికలున్నాయి. ఈ 15,000 పదేళ్ళ తరువాత కూడా 15,000గానే ఉంటుంది, ఎందుకంటే దీని మీద కరువు భత్యం లేదు. ఇక 18 లక్షలను ముట్టుకోకుండా ఉంచే ఇల్లు కామాటిపురాలో ఎక్కడుంది? కూతురి పెళ్ళి, ఊళ్ళో మొదలుపెట్టి స్లాబు దగ్గర ఆగిన ఇల్లు, కోఆపరేటివ్ బ్యాంకు అప్పు, మూడూ ఆ చెక్కు కోసమే కాచుకుని ఉంటాయి.

పాత ఉద్యోగికి ప్రావిడెంట్ ఫండు వేరే ఉండేది. పెళ్ళికో రోగానికో దాంట్లోంచి తీసుకున్నా పెన్షన్‌కు గీత పడేది కాదు. కొత్తవాడికి అత్యవసరానికి తీసే డబ్బూ, ముసలితనానికి దాచే డబ్బూ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఎన్‌పీఎస్‌లో మూడేళ్ళు దాటాక, తాను కట్టినదాంట్లో నాలుగో వంతు మించకుండా, చెప్పిన కారణాలకు తీసుకోవచ్చు. ప్రభుత్వం కట్టిన వాటా ముట్టుకోవడానికి లేదు. ఆర్థిక నిపుణులు ఈ కట్టుబాటును పొదుపు క్రమశిక్షణ అని మెచ్చుకుంటారు. చిట్టీల మీద, చేబదుళ్ళ మీద నడిచే ఇంట్లో ఆ క్రమశిక్షణ ఖరీదు నూటికి మూడు రూపాయల వడ్డీ.

ఇక వార్తల సంగతి. ఈ గల్లీలకు పెన్షన్ వార్త మూడు దారుల్లో వస్తుంది. దిల్లీ దారి ఒకటి, మహారాష్ట్ర సచివాలయమైన మంత్రాలయ దారి ఒకటి, హైదరాబాదు, విజయవాడల దారి ఇంకొకటి. మూడూ ఒకే ఫోను తెరమీద కలుస్తాయి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దిల్లీ దారిలో వచ్చిన పెద్ద వార్త ఏకీకృత పెన్షన్ పథకం, అందరూ యూపీఎస్ అంటున్నది. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, 2025 జనవరి 24న నోటిఫికేషన్ వచ్చింది, ఏప్రిల్ 1నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై అయిదేళ్ళ సర్వీసు ఉన్నవారికి చివరి పన్నెండు నెలల సగటు మూల జీతంలో సగం. అంతకు తక్కువైతే ఆ దామాషాలో. పదేళ్ళు నిండితే కనీసం నెలకు 10,000. ఉద్యోగి పోతే భార్యకో భర్తకో అరవై శాతం. వీటన్నిటి మీదా ధరల భత్యం. వినడానికి పాత పెన్షన్ తిరిగొచ్చినట్టే ఉంటుంది. అయితే ఉద్యోగి పదిశాతం కడుతూనే ఉండాలి, జమ అయిన నిధి తనది కాకుండా పూల్‌లో కలుస్తుంది, అందులోంచి కొంత ముందుగా తీసుకుంటే ఆ మేరకు పెన్షన్ తగ్గుతుంది. ఎంచుకోవడానికి మొదట 2025 జూన్ 30 గడువన్నారు, దాన్ని సెప్టెంబరు 30కి, మళ్ళీ నవంబరు 30కి జరిపారు. దాదాపు 23 లక్షల మంది అర్హుల్లో, గడువు ముగిసేనాటికి ముందుకొచ్చింది లక్షా ఇరవై వేల పైచిలుకు మాత్రమే. సగం జీతం భరోసా ఇస్తామంటే ఇరవైమందిలో పంతొమ్మిదిమంది వద్దనడం చిన్న విషయం కాదు. వాళ్ళు లెక్కలు వేసుకుని వద్దన్నారా, పాత పెన్షన్ వస్తుందన్న ఆశతో ఆగారా, అసలు కాగితం అర్థంకాక వదిలేశారా అన్నది ఎవరూ విడమర్చలేదు. మూడో కారణం ఎక్కువమందిదని నా అనుమానం.

ఇక్కడ మొదటి తికమక. యూపీఎస్ గడువు కేంద్ర ఉద్యోగులది. మున్సిపాలిటీ కార్మికుడికి ఆ గడువుతో సంబంధం లేదు. కాని వార్తలో 'ప్రభుత్వ ఉద్యోగులకు చివరి అవకాశం' అని ఉంటుంది, ఏ ప్రభుత్వమో మూడో పేరాలో ఉంటుంది. ఫార్వర్డులో మూడో పేరా రాదు. 2025 డిసెంబరులో ఇదే ఇంకో రూపంలో జరిగింది. ఎన్‌పీఎస్‌లో ఇకమీద ఎనభై శాతం నగదుగా తీసుకోవచ్చన్న వార్త ఊరంతా తిరిగింది. ఆ ఎనభై శాతం ప్రభుత్వేతర చందాదారులకు. ప్రభుత్వోద్యోగికి అరవై, నలభై లెక్క అలాగే ఉంది. అంతకుముందు అక్టోబరులో మొత్తం డబ్బును షేర్లలో పెట్టే వీలు వచ్చిందన్న కబురు కూడా అంతే, అది ప్రైవేటు వాళ్ళ సంగతి. పాపం పత్రికలను పూర్తిగా తప్పు పట్టలేం. ఒకే పేరుతో, ఒకే నియంత్రణ సంస్థ కింద ఇన్ని రకాల చందాదారులను పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో నియమం రాస్తే శీర్షిక పెట్టేవాడు మాత్రం ఏం చేస్తాడు? అయినా, ఎవరికి వర్తిస్తుందో మొదటి వాక్యంలో చెప్పని పెన్షన్ వార్త సగం పుకారే.

మంత్రాలయ దారి ఇంకా ముఖ్యం, ఇంకా మసక. 2023 మార్చి 14న మహారాష్ట్ర ఉద్యోగులు 'ఏకచ్ మిషన్, జునీ పెన్షన్' అంటూ సమ్మెకు దిగారు. వారం తిరక్కుండా, 20వ తేదీన, ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ శిందే హామీతో విరమించారు. కమిటీ వేశారు. 2024 మార్చిలో, చివరి జీతంలో సగం, దాని మీద భత్యం ఇచ్చేలా సవరించిన పద్ధతిని శాసనసభలో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 25న, కేంద్రం ఆమోదించిన మర్నాడే, యూపీఎస్‌కూ మంత్రివర్గం తలూపింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే. ఆ తరువాత, అప్పటికే ఉన్న ఎన్‌పీఎస్, సవరించిన పద్ధతి, యూపీఎస్ ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి ఏది కావాలో చెప్పమన్నారు. అంతకుముందే, 2024 జనవరిలో, ఇంకో చిన్న నిర్ణయం జరిగింది. ఉద్యోగ ప్రకటన 2005 నవంబరు 1కి ముందు వెలువడి, నియామకం మాత్రం ఆ తరువాత జరిగిన దాదాపు 26,000 మందికి పాత పెన్షన్ ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ఆఫీసు ఆలస్యానికి ఉద్యోగి శిక్ష అనుభవించనక్కరలేదన్న న్యాయం అందులో ఉంది. వారసా నియామకాలకు ఇది ఎంతవరకు తగులుతుందన్నది ఆలోచించదగ్గ విషయం. తండ్రి గీతకు ముందే పోయి, వారసుడి అర్జీ అప్పుడే పడి, ఫైలు నాలుగు బల్లలు తిరిగి గీత దాటాక ఆర్డరు వచ్చినచోట ఆలస్యం ఎవరిది? అక్కడ ప్రకటన అంటూ ఏదీ ఉండదు, చావు తేదీ ఉంటుంది, అర్జీ తేదీ ఉంటుంది. యూనియన్లు ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకోవలసింది.

రాష్ట్రం ఇచ్చిన జీఆర్ (ప్రభుత్వ తీర్మానం) ముంబై మున్సిపాలిటీ గుమ్మం దగ్గర ఆగుతుంది. 1888 నాటి సొంత చట్టం కింద నడిచే సంస్థ అది. రాష్ట్రోద్యోగులకు వచ్చినది మున్సిపాలిటీ ఉద్యోగికి రావాలంటే, కార్పొరేషన్ వేరే తీర్మానించి వేరే సర్క్యులర్ ఇవ్వాలి. 2008 మే 5 అనే వేరే తేదీ పుట్టింది కూడా అందుకే. 2022 మార్చిలో పాలకవర్గం గడువు ముగిశాక 2026 జనవరి ఎన్నికల దాకా అక్కడ ఎన్నికైన సభే లేదు. కమిషనరే అంతా. పెన్షన్ పద్ధతి మీద దేశమంతా అట్టుడుకుతున్న ఆ నాలుగేళ్ళలో, ఈ ప్రశ్నను సభలో నిలబడి అడగడానికి కామాటిపురాకు కార్పొరేటర్ లేడు. ఈ సంగతి పెన్షన్ వార్తల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

జీఆర్ మరాఠీలో ఉంటుంది. మున్సిపాలిటీ నడిపే తెలుగు మాధ్యమం బడుల్లో ఏడో తరగతి దాకా చదివిన తరానికి మరాఠీ మాటాడటం వచ్చు, చౌకీలో గొడవ పెట్టుకోవడమూ వచ్చు. కాని 'పరిభాషిత అంశదాన నివృత్తి వేతన యోజన' అన్న ఆఫీసు మరాఠీ ముందు మరాఠీవాడే తడబడతాడు. అందుకని వీళ్ళు తమకు అర్థమయ్యే భాషలో వచ్చే వార్తను నమ్ముకుంటారు. అదే మూడో దారి. తెలుగు చానెళ్ళలో, తెలుగు పత్రికల్లో కనిపించేదంతా సీపీఎస్, అంటే అక్కడి కొత్త పెన్షన్ పద్ధతి, గోడు. ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎస్ రద్దు వాగ్దానం, దాని బదులు 2023లో తెచ్చిన గ్యారంటీ పెన్షన్ చట్టం, దాని చుట్టూ రేగిన రభస. తెలంగాణలో ఏటా సెప్టెంబరు 1న పెన్షన్ విద్రోహ దినం. మధ్యలో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ ప్రదేశ్‌లు పాత పెన్షన్‌కు మళ్ళిన వార్తలు. ఊరినుంచి చెల్లెలు ఫోను చేసి "అన్నా, మనకు పాత పెన్షన్ ఇస్తరంట" అంటుంది. ఆ 'మనకు'లో ముంబై అన్న లేడు. అతని పెన్షన్ హైదరాబాదు సచివాలయంలో లేదు, మంత్రాలయలో లేదు, బోరీబందర్ ఎదురుగా ఉన్న మున్సిపాలిటీ భవనంలో ఉంది.

ఇంతకీ అక్కడినుంచి రావలసిన వార్త ఏది? నా దృష్టిలో అది అరవై శాతమా ఎనభై శాతమా అన్నది కాదు. సఫాయీ పనిలో చాలామంది రిటైర్‌మెంటు దాకా చేరుకోరు. చెత్త బండ్ల దుమ్ము, మ్యాన్‌హోళ్ళ విషవాయువు, క్షయ, తట్టుకోవడానికి తాగే సారా, వీటి మధ్య నలభైల్లోనే పోయినవాళ్ళు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. వారసా ఉద్యోగాలు ఇన్ని ఉన్నాయంటేనే సర్వీసులో చావులు అన్ని ఉన్నాయని అర్థం. కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న, రిటైరయ్యాక అతనికి ఏం వస్తుందని కాదు, నలభై ఏడో ఏట అతను పోతే భార్యకు ఏం వస్తుందని.

పాత పద్ధతిలో జవాబు సూటిగా ఉండేది. సర్వీసులో పోతే మొదటి కొన్నేళ్ళు చివరి జీతంలో సగం, తరువాత ముప్పై శాతం ఫ్యామిలీ పెన్షన్. కొత్త పద్ధతి మొదలైనప్పుడు ఆ జవాబు ఖాతాలో ఉన్నంతే అయింది. ఎన్‌పీఎస్ నియమం ప్రకారం ప్రభుత్వోద్యోగి సర్వీసులో పోతే నిధిలో కనీసం ఎనభై శాతంతో యాన్యుటీ కొనాలి. అయిదారేళ్ళు కట్టిన ఖాతాలో ఉండేదెంత, దాంట్లో ఎనభై శాతం మీద నెలకు వచ్చేదెంత? అందుకే కేంద్రం తన ఉద్యోగులకు ఒక దారి తెరిచింది. సర్వీసులో చనిపోతే లేదా వికలాంగుడైతే పాత పద్ధతి పెన్షన్ కుటుంబానికి వచ్చేలా ఎంచుకోవచ్చని 2021 నియమాల్లో రాసింది. మహారాష్ట్ర 2023 సమ్మె తరువాత తన ఉద్యోగుల కుటుంబాలకు అలాంటి ఏర్పాటే చేసింది. పాత పెన్షన్ రాలేదన్న నిరాశలో ఈ గెలుపు సరిగ్గా లెక్కకు రాలేదు. నన్నడిగితే ఆ సమ్మె సాధించినవాటిలో అన్నిటికంటే విలువైనది అదే. మున్సిపాలిటీ కార్మికుడు యూనియన్ ఆఫీసుకు వెళ్ళి మొదట అడగవలసింది కూడా అదే: మా సర్క్యులర్ ఏది, ఏ తేదీనుంచి, నేను రాసివ్వాల్సిన ఫారం ఉందా?

ఫారం అనగానే పేర్ల గొడవ గుర్తొస్తుంది. ఎన్‌పీఎస్‌లోకి వెళ్ళిన ప్రతి ఖాతాకు పన్నెండు అంకెల ప్రాన్ నంబరు ఉంటుంది. దానికి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, మొబైలు అన్నీ అతకాలి. తెలుగువాడి పేరు ముంబైలో మూడు వేషాలు వేస్తుంది. ఊళ్ళో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. సర్వీస్ బుక్కులో మరాఠీ పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. బ్యాంకులో పొడి అక్షరాలతో. తండ్రి పేరు రాజయ్య ఒకచోట రాజం, ఒకచోట రాజన్న. భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఒకచోట, అత్తింటిదానితో ఒకచోట. బతికున్నప్పుడు ఇవన్నీ చిన్న తప్పులు. పోయాక ఒక్కో అక్షరానికి ఒక్కో అఫిడవిట్.

నామినేషన్ మరీ ముఖ్యం. వారసా మీద ఇరవై రెండేళ్ళకు చేరిన కుర్రాడు తల్లి పేరు రాస్తాడు. తరువాత పెళ్ళవుతుంది. ఎన్‌పీఎస్ నియమాల్లో పెళ్ళికి ముందు రాసిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది, మళ్ళీ రాయాలి. ఈ ఒక్క ముక్క తెలియక అత్తా కోడళ్ళు ఒకే ఖోలీలో ఉంటూ ఇద్దరు వకీళ్ళను పెట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. 2024 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఖాతాల లాగిన్‌కు ఆధార్ ఓటీపీ కూడా తప్పనిసరి చేశారన్న వార్తకు అన్ని పత్రికలూ చోటిచ్చాయి. పెళ్ళి, నామినేషన్ నియమం ఏనాడో ఉన్నదే కాబట్టి అది వార్త కాలేదు. నియమం పాతదైనా, చేరనివాడికి అది ఎప్పటికీ కొత్త వార్తే.

ఇంతా మాట్లాడుతున్నది పెన్షన్ అనే మాటకు ఏదో ఒక రూపంలో అర్హులైన వాళ్ళ గురించి. పక్క గదుల్లో వాళ్ళ సంగతి క్లుప్తంగానైనా చెప్పకపోతే చిత్రం అబద్ధమవుతుంది. మిల్లులో పనిచేసి, 1995 నవంబరులో ఈపీఎస్ మొదలయ్యాక కొన్నేళ్ళైనా చందా పడినవాళ్ళకు నెలకు కనీస పెన్షన్ 1,000 రూపాయలు. 2014 సెప్టెంబరులో ఖరారైన అంకె అది. దాన్ని 7,500 చేయాలని ఏళ్ళ తరబడి ఆందోళన నడుస్తోంది, చేసేశారన్న ఫార్వర్డు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. బీడీలు చుట్టిన ఆడవాళ్ళలో, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళలో కొందరు 2015లో వచ్చిన అటల్ పెన్షన్‌లో చేరారు. అరవై దాటాక వెయ్యినుంచి అయిదువేల దాకా. నలభై ఏళ్ళలోపు చేరితేనే. యాభై అయిదేళ్ళ బీడీ కార్మికురాలికి ఆ తలుపు ఎప్పుడో మూసుకుంది.

మున్సిపాలిటీలోనే ఉండి, గీతకు అటూ ఇటూ కాని వాళ్ళు ఇంకొందరు. కాంట్రాక్టు పేరుతో ఏళ్ళ తరబడి చెత్త ఎత్తిన 2,700 మందిని పర్మినెంటు చేయాలని 2014లో పారిశ్రామిక ట్రిబ్యునల్ చెప్పింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. పోరాడి గెలిచిన అరుదైన కేసు అది. కాని పర్మినెంటు అయిన తేదీ 2008 తరువాతదైతే, కాంట్రాక్టులో పోయిన యవ్వనం పెన్షన్ లెక్కలోకి రాకపోతే, మనిషి నలభై ఎనిమిదో ఏట ఖాతా తెరిచి యాభై ఎనిమిదో ఏట మూస్తాడు. పదేళ్ళ చందాతో ఖాతాలో ఏ ఏడు లక్షలో ఉంటాయనుకుందాం.

ఇక్కడే 2025 డిసెంబరు నియమాల్లో ఇంకో ముక్క పనికొస్తుంది. ఖాతాలో కొద్ది మొత్తమే ఉంటే యాన్యుటీ కొనకుండా అంతా తీసుకోవచ్చన్న హద్దును 5 లక్షలనుంచి 8 లక్షలకు పెంచారు. ఇది ప్రభుత్వోద్యోగులకూ వర్తిస్తుంది. పత్రికలన్నీ దీన్ని ఊరటగా రాశాయి. ఏడు లక్షలవాడికి అది నిజంగా ఊరటే, ఒకే చెక్కు, పీడా పోయింది. అప్పు తీరుతుంది, ఊళ్ళో స్లాబు పడుతుంది, మరుసటి నెల ఒకటో తారీఖున మాత్రం ఏమీ రాదు. అదే మనిషికి పదేళ్ళ సర్వీసు నిండి, యూపీఎస్‌లోని 10,000 కనీస పెన్షన్ మున్సిపాలిటీలోనూ అమలైతే, ఆ ఏడు లక్షలను యాన్యుటీలో పెట్టి వచ్చేదానికి రెట్టింపు కంటే ఎక్కువ వస్తుంది, దాని మీద భత్యం కూడా. ముప్పై ఏళ్ళు సర్వీసున్న గుమాస్తాకు యూపీఎస్ మేలా ఎన్‌పీఎస్ మేలా అని వాదించుకోవడానికి చాలా ఉంది. పదకొండేళ్ళ సర్వీసున్న సఫాయీ కామ్‌గార్ విషయంలో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకని కొత్తగా ఎన్నికైన సభలో ఈ గల్లీల తరఫున పెన్షన్ మీద ఒక్క ప్రశ్నే అడిగే వీలుంటే, జునీ పెన్షన్ ఎప్పుడిస్తారన్న దానికంటే ముందు, ఆ పదివేల కనీస పెన్షన్ సర్క్యులర్ ఎప్పుడు తీస్తారని అడగాలి. పర్మినెంటు కావడానికి ముందు చేసిన ఏళ్ళను ఆ పదేళ్ళలో కలుపుతారా లేదా అని కూడా.